ఆయిల్ స్టీరింగా, కరెంటు స్టీరింగా?

ఆ గురువారం ఉదయం ఆంటోన్ ష్వెగ్లర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఒక ఉడికించిన గుడ్డు, వెన్న రాసిన ప్రెట్జెల్, కాఫీ. పదింటికి కంపెనీ ట్రాక్ మీద రెండు కార్లు నడిపి, వాటిలో ఏది ఆయిల్ స్టీరింగో, ఏది కరెంటు స్టీరింగో చెప్పడం. పన్నెండింటికి క్యాంటీన్లో పప్పు, సేమ్యాల్లాంటి ష్పేట్జ్లె, పక్కన సాసేజీలు. నాలుగింటికి ఇల్లు. ఈ మొత్తంలో ఆయనకు కాస్త బెంగగా ఉన్నది పన్నెండింటి సంగతి ఒక్కటే. గురువారాల్లో సాసేజీలు ముందొచ్చినవాళ్ళకే దక్కుతాయి మరి.

కెల్టర్‌మాన్ స్పోర్ట్స్ కార్ల కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన ఉద్యోగం స్టీరింగ్ పట్టుకోవడం. డ్రైవరనుకునేరు, కాదు. కొత్త మోడలు ఏదైనా తయారైతే దాన్ని ఆయన ఆల్బ్ కొండల దారుల్లో తిప్పుకొచ్చి, బండి దిగి, "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" పడేదాకా కారు గేటు దాటదు. ఒకసారి ఆయన "ఊహుఁ" అన్నందుకు ఒక మోడలు పదకొండు నెలలు షెడ్డులోనే ఉండిపోయింది. "చేతి పరీక్షా విభాగం" అని తలుపు మీద బోర్డు కూడా ఉంది. లోపల ముగ్గురు మనుషులు, ఆరు చేతులు. లెక్కలోకి వచ్చేవి మాత్రం రెండే.

స్టీరింగుల్లో ఆయనకు తెలిసినవి రెండే జాతులు. ఇంజిన్ తిప్పే పంపుతో, ఆయిల్ ఒత్తిడితో మనిషికి సాయం చేసేది పాతది. చిన్న మోటారుతో సాయం చేసేది కొత్తది. పాతదానిలో అయితే రోడ్డు మీది గరుకు, టైరు పట్టు, ఆ పట్టు జారబోతున్న క్షణం, అన్నీ అరచేతికి అందుతాయని ఆయన వాదం. కొత్తదానిలో ఆ కబుర్లన్నిటినీ మధ్యలో ఎవరో వడగట్టేసి, "అంతా క్షేమం" అని ఒక్క ముక్క పంపిస్తారట. కొత్తదానివల్ల పెట్రోలు ఆదా అవుతుందన్న సంగతిని ఆయన ఎప్పుడూ చివర్లో, గొంతు బాగా తగ్గించి చెప్పేవాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కిందటి ఏడు కెల్టర్‌మాన్ యజమానుల సంఘం పత్రిక వాళ్ళు వచ్చి రెండు గ్లాసుల వైను పోస్తే, "కళ్ళకు గంతలు కట్టినా సరే, ఏది ఏదో చెప్తాను. తప్పానా, తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికెళ్ళిపోతాను," అనేశాడు. వాళ్ళు దాన్ని పెద్దక్షరాల్లో అచ్చేశారు. ఆరు నెలల కిందట డైరెక్టరుగా వచ్చిన డాక్టర్ మెర్టెన్స్ ఆ పేజీని కత్తిరించి దాచుకుంది. ఆయిల్ స్టీరింగుకూ, చేతి పరీక్షా విభాగానికీ ఒకేసారి మంగళం పాడదామని ఆవిడ ఆలోచన. "మాటంటే మాటే కదా, ష్వెగ్లర్ గారూ," అని నవ్వుతూ తేదీ ఖాయం చేసింది. ఆ తేదీ ఇవాళే.

అందుకే ఆయన సోమవారం నుంచి చేతుల్ని పసిపిల్లల్లా సాకుతున్నాడు. వేడినీళ్ళలో పెట్టడు. ఎవరితోనూ చేయి కలపడు. రోజంతా మెత్తటి తోలు గ్లవుజులు. ఆ గ్లవుజులతోనే ఇప్పుడు గుడ్డు పెంకు తీయడానికి నానా తంటాలు పడుతుంటే భార్య హెడ్విగ్ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ చూస్తోంది. సాయం చేసే ఉద్దేశం ఆవిడకేమీ ఉన్నట్టు లేదు.

"ఈ వారం మెట్లు ఊడ్చే వంతు మనది. గుర్తుందా, చేతుల దొరా?"

"పరీక్ష అయ్యాక ఊడుస్తాను. చీపురు కర్ర పడితే అరచెయ్యి మొద్దుబారుతుంది."

"సోమవారం నుంచీ ఇదే పాట. కింద వాటాలో ఆవిడ నిన్న మెట్టు మీద వేలితో గీసి, ఆ దుమ్ము తెచ్చి నా మొహం ముందు పెట్టింది. ఆవిడ వేలికి విభాగం లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే నీ ఉద్యోగం ఆవిడకే ఇచ్చేవాళ్ళు."

"హెడ్విగ్, ఇవాళొక్కరోజు నన్నొదిలెయ్."

"సరేగానీ, తప్పితే?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో తప్పలేదు."

"నేనడిగింది అది కాదు. ఇవాళ తప్పితే?"

"తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేస్తాను. అచ్చులో పడిపోయింది కదా."

"అంటే రేపట్నుంచి పగలంతా ఇంట్లోనే ఉంటావా?" అంది హెడ్విగ్. ఆవిడ మొహంలో మొదటిసారి నిజమైన భయం కనిపించింది. వెంటనే గుడ్డు లాక్కుని, పెంకు తీసి, ఉప్పు చల్లి, భర్త నోట్లో పెట్టింది.

పరీక్షకు కట్టుదిట్టాలు మామూలుగా లేవు. రెండూ వెండి రంగు కార్లే. ఒకదాని అద్దానికి ఎర్ర రిబ్బను, రెండోదానికి తెల్ల రిబ్బను. బానెట్లకు సీసం సీళ్ళు. పంపు చప్పుడు వినబడకుండా నడిపేవాళ్ళ చెవులకు మూతలు. న్యాయనిర్ణేతలు ముగ్గురు: డాక్టర్ మెర్టెన్స్, కరెంటు స్టీరింగు తయారుచేసిన ఇంజినీరు ఇంకెన్, ఆఖర్న ష్వెగ్లర్. మొదటి ఇద్దరూ తొమ్మిదింటికే నడిపేయాలి, పదింటికి ష్వెగ్లర్ వంతు. ఏ కారులో ఏముందో తెలిసినవాడు వర్క్‌షాపు పెద్ద ఫ్రిక్ ఒక్కడే. ముగ్గురి సంతకాలూ పడేదాకా ఆ కార్ల గురించి ఎవరితోనూ నోరు విప్పనని అతను కాగితం మీద రాసిచ్చాడు. ఫ్రిక్ రాసిచ్చాడంటే ఇక అంతే. కన్నతల్లి వచ్చి బతిమాలినా "సంతకాలయ్యాక రా అమ్మా" అని పంపించే రకం.

ష్వెగ్లర్ తొమ్మిదిన్నరకు గేటు దగ్గర కారు దిగాడో లేదో, మెకానిక్ ఓట్‌మార్ స్తంభం చాటునుంచి ఊడిపడ్డాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఓట్‌మార్‌కి స్నేహం ఎక్కువ, ఓపిక తక్కువ.

"ఒరేయ్ ఆంటోన్, ఇలా రా. ఎర్రదిరా! ఎర్రదే ఆయిల్ది!"

"ఛీ, నోర్ముయ్! నాకు చెప్పకు!"

"చెప్పేశాను కదరా. ఎనిమిదిన్నరకి ఫ్రిక్ అటు తిరగ్గానే టార్చిలైటు పట్టుకుని ఎర్రదాని కింద దూరాను. ఆయిల్ గొట్టం ఈ చేతంత ఉంది. ఈ కళ్ళతో చూశాను."

"నేనడిగానా నిన్ను? నాకు నా చేతులు చాలవా? ఇప్పుడు విన్నదాన్ని ఎలా వదిలించుకోను?"

"మర్చిపో."

"ఎలా మర్చిపోను?"

"అయితే మర్చిపోకు," అని ఓట్‌మార్ భుజం తట్టి చక్కాపోయాడు. ష్వెగ్లర్‌కి ఒళ్ళు మండిపోయింది. దొంగ జవాబుతో పరీక్షకు వెళ్ళడం ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఎర్రది అన్న మాట మనసులోంచి తుడిచేద్దామని ట్రాక్ దాకా పచ్చగడ్డి, నీలాకాశం, పసుపుపచ్చ పెయింటు డబ్బా, ఇలా కనిపించిన రంగులన్నీ పైకి చదువుకుంటూ నడిచాడు. దారిలో ఎదురైనవాళ్ళు పాపం అనుకున్నారు.

ట్రాక్ దగ్గర డాక్టర్ మెర్టెన్స్ సిద్ధంగా ఉంది. మర్యాదగా చెయ్యి చాపింది. ష్వెగ్లర్ రెండు చేతులూ గభాలున వీపు వెనక దాచేశాడు.

"క్షమించండి, ఇవాళ చెయ్యి ఇవ్వలేను."

"ఓహో," అంది ఆవిడ, చాపిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంటూ. "అంత కోపమా నామీద?"

"అబ్బే, కోపం కాదండీ, పరీక్షకి ముందు నేను ఎవరితోనూ..." అని ఆయన చెప్పబోతుండగా గడియారం పది చూపించింది. గడియారం పది చూపిస్తే ఫ్రిక్ ఆగడు. వెనకనుంచి వచ్చి ష్వెగ్లర్ చెవులకు మూతలు తగిలించేశాడు. లోకం మూగబోయింది.

ఎదురుగా డాక్టర్ మెర్టెన్స్ పెదవులు కదులుతున్నాయి. ఏం చెబుతోందో గానీ పెద్ద మాటే చెబుతున్నట్టుంది. చివర ప్రశ్న అడిగినట్టు కనుబొమలు ఎత్తింది. చెయ్యి ఇవ్వకుండా ఇప్పటికే అవమానించాడు, ఇప్పుడు "ఏమిటీ?" అని అరిస్తే ఇంకేం బాగుంటుందని ష్వెగ్లర్ నవ్వి తలూపాడు. ఆవిడ మరొకటి అడిగింది. మళ్ళీ తలూపాడు. మూడోసారి అడిగినప్పుడు ఆవిడ కళ్ళలో ఆశ్చర్యం కనిపించింది. దానికీ మరింత గట్టిగా తలూపాడు. ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. గండం గడిచిందనుకున్నాడు పాపం.

గ్లవుజులు తీసి మొదట ఎర్ర రిబ్బను కారెక్కాడు. మొదటి మలుపులోనే ప్రాణం లేచొచ్చింది. స్టీరింగు చేతిలో సన్నగా మాట్లాడుతోంది. రెండో మలుపులో బరువు కొంచెం కొంచెంగా పెరిగింది, తగ్గాల్సిన చోట తగ్గింది. మూడో మలుపులో కిందటి వేసవిలో వేసిన తారు అతుకు వేళ్ళ చివరకు తెలిసింది. ఆయిల్! సందేహమే లేదు! ఎర్రదే! ఆ ఆనందంలో ఒక పాట కూడా ఎత్తుకున్నాడు. చెవులు మూసుకున్నవాడికి తన గొంతు ఎంత గట్టిగా ఉందో తెలియదు కాబట్టి ఆ పాట ట్రాక్ బయట పార్కింగు దాకా వినిపించింది.

కారు దిగి మూతలు తీసి నీళ్ళు తాగుతుంటే, షెడ్డు శుభ్రం చేసే మిలేనా బకెట్టుతో దగ్గరికొచ్చింది. ఆవిడది బాల్కన్ల వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇరవై ఏళ్ళుగా ఆ నేలను అద్దంలా ఉంచుతోంది. కాళ్ళు తుడుచుకుని షెడ్డులోకి వచ్చే ఒకే ఒక్క మనిషిగా ష్వెగ్లర్ అంటే ఆవిడకు గౌరవం.

"ష్వెగ్లర్ గారూ, నాకేం తెలీదు, నేనేం చెప్పలేదు."

"మంచిదమ్మా. అలాగే ఉండు."

"తెల్ల రిబ్బను దాని కింద పొద్దున ఆయిల్ చుక్క తుడిచాను. ఇంతుంది. కరెంటు చుక్కలు చుక్కలుగా కారదు కదండీ?"

ష్వెగ్లర్ నోట్లో నీళ్ళు నోట్లోనే ఉండిపోయాయి. "తెల్లదా? ఎర్రదేమో చూడు!"

"ఇరవై ఏళ్ళుగా తుడుస్తున్నాను. ఏ కారు కింద తుడిచానో నాకు తెలీదా? మీ ఉద్యోగం పోకూడదని చెబుతున్నా గానీ, లేకపోతే నాకెందుకండీ," అని బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇక ఆ మనిషి అవస్థ ఎవరికీ వద్దు. తెల్ల కారెక్కాడు. మొదటి మలుపు, సన్నటి మాట. రెండో మలుపు, అదే బరువు. మూడో మలుపు, తారు అతుకు. ఆయిల్! సందేహమే లేదు! మరైతే ఇందాక ఎర్రదాంట్లో పాడిన పాట ఏ ఆనందంతో పాడినట్టు? మళ్ళీ ఎర్రదెక్కాడు. ఆయిల్. మళ్ళీ తెల్లది. ఆయిల్. కాదు, కొంచెం కరెంటు వాసన వేస్తోందా? ఎర్రదాంట్లో ఓట్‌మార్ గొంతు వినిపించేది, తెల్లదాంట్లో మిలేనా బకెట్టు కనిపించేది. అరచేతులు ఎవరి మాట వింటే వాళ్ళ పాటే పాడుతున్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నమ్ముకున్న చేతులు ఇలా నంగనాచి వేషాలు వేస్తాయని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఒక్కో కారు మూడేసి చుట్లు తిప్పాలని నియమం. ష్వెగ్లర్ మొత్తం పందొమ్మిది చుట్లు తిప్పాడు. మధ్యలో ఫ్రిక్ వచ్చి మౌనంగా పెట్రోలు పోసి వెళ్ళాడు. ఎనిమిదో చుట్టుకి కంచె దగ్గర నలుగురు చేరారు. పన్నెండో చుట్టుకి నలభైమంది. ష్వెగ్లర్ ఏదో కనిపెట్టాడని ఒకడన్నాడు. కరెంటు స్టీరింగులో పెద్ద లోపమట అని రెండోవాడన్నాడు. అది మూడో మలుపులో చక్రాన్ని తనంతట తనే తిప్పేస్తోందని పెయింటు విభాగానికి చేరింది. ఈయన ప్రాణాలకు తెగించి పందొమ్మిదిసార్లు దాన్ని పట్టి ఆపాడన్నది కుట్టుపని విభాగంలో చెప్పుకున్న కథ. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు కూడా.

ఆ కథ తిరిగి తిరిగి ఇంకెన్ చెవిన పడింది. ఉత్తరాన సముద్రపు ఒడ్డు పిల్ల, నాలుగేళ్ళుగా ఆ మోటారుతోనే నిద్రాహారాలు. ష్వెగ్లర్ కారు దిగగానే పాలిపోయిన మొహంతో పరిగెత్తుకొచ్చింది.

"ష్వెగ్లర్ గారూ, నిజం చెప్పండి. మూడో మలుపులో తిరగబడుతోందా?"

"ఏది తిరగబడేది?"

"నాది! ఎర్రది!"

"ఎర్రది నీదని నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? నాలుగేళ్ళు పెంచాను, నా బిడ్డని నేను గుర్తుపట్టలేనా? పొద్దున ఎక్కిన మరుక్షణం తెలిసిపోయింది. ఆ తేలిక, ఆ శుభ్రత! తెల్లదాంట్లో ఏముంది చెప్పండి, బండరాయి తిప్పినట్టు. క్షమించండి, మీకిష్టమైనదని మర్చిపోయాను."

ష్వెగ్లర్‌కి తల గిర్రున తిరిగింది. కళ్ళతో చూసిన ఓట్‌మార్ ఎర్రది ఆయిల్ అంటాడు. చేత్తో తుడిచిన మిలేనా తెల్లది ఆయిల్ అంటుంది. కన్న తల్లి లాంటి ఇంకెన్ ఎర్రది కరెంటు అంటుంది. ఆ లెక్కన తెల్లది ఆయిల్ అనేవాళ్ళు ఇద్దరు, ఎర్రది అనేవాడు ఒక్కడు. తన చేతులు మాత్రం ఎటూ తేల్చకుండా ఊరుకున్నాయి.

ఇంతలో ఓట్‌మార్ చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఒరేయ్, నీకేమైనా మతి పోయిందా? ఆవిడ అడిగిన వాటన్నిటికీ ఎందుకు తలూపావు?"

"ఏమడిగింది?"

"వినకుండానే ఊపావా! ఫలితం నా గదిలో కాదు, క్యాంటీన్లో అందరిముందూ చెప్తారా అంది. ఊపావు. తప్పయితే తాళాలు ఇవాళే ఇచ్చేస్తారా అంది. ఊపావు. మీ విభాగాన్ని కూడా ఇవాళే మూసేయమంటారా అంది. దానికైతే మెడ విరిగేలా ఊపావట! కంపెనీ మొత్తం క్యాంటీన్లో కూర్చుంది. లోపల మీ విభాగం కుర్రాళ్ళిద్దరూ నిన్ను బూతులు తిడుతున్నారు. సాసేజీలు ఎప్పుడో అయిపోయాయి."

ష్వెగ్లర్ పక్కనున్న గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కుళాయి కింద చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి నిలబడ్డాడు. దారి సులువుగానే ఉంది. ఇద్దరు చెప్పిన మాట పట్టుకుని తెల్లది ఆయిల్ అనేస్తే సరి. నిజమైతే ఉద్యోగం నిలుస్తుంది, విభాగం నిలుస్తుంది, ఆ ఇద్దరు కుర్రాళ్ళ జీతాలూ నిలుస్తాయి. కానీ రేపు ఎవరైనా "చేతులకు తెలిసిందా?" అని అడిగితే ఏం చెప్పాలి? బకెట్టు చెప్పిందనా? ఏడుపొచ్చినంత పనయింది. చేతులు తుడుచుకుని బయటికి నడిచాడు.

క్యాంటీన్ కిక్కిరిసి ఉంది. డాక్టర్ మెర్టెన్స్ తీర్పు కాగితం ముందుకు జరిపింది. అందులో రెండే గడులు. "ఎర్రది ఆయిల్" అని ఒకటి, "తెల్లది ఆయిల్" అని ఒకటి. ష్వెగ్లర్ కలం తీసి, ఆ రెండింటి కింద మూడో గడి సొంతంగా గీసుకుని, దాంట్లో గుర్తు పెట్టాడు. వెనక బల్లల్లోంచి "హా!" అని ఒక్కసారిగా వినిపించింది. అచ్చయిన ఫారం మీద గడి గీయడం ఆ కంపెనీ చరిత్రలో ఎవరూ చూడలేదు. ఫ్రిక్ అయితే కుర్చీ పట్టుకున్నాడు.

"ఇదేమిటి?" అంది డాక్టర్ మెర్టెన్స్.

"రెండూ ఒకటేనండీ," అన్నాడు ష్వెగ్లర్. "పందొమ్మిది చుట్లు తిరిగాను. తేడా తెలియలేదు. ఆయిల్ ఎలా ఉందో కరెంటూ అలాగే ఉంది. ఇంకెన్ చేసింది గొప్ప పని, లేదా నా చేతులు ముసలివైపోయాయి. ఏదైనా ఒకటే. కుర్రాళ్ళని మాత్రం వేరే విభాగంలో వేసుకోండి, తప్పంతా నాది." కాగితం మీద సంతకం పెట్టి, తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"సాధించాం!" అని ఇంకెన్ ఎగిరి గంతేసి, ఆయన మొహం చూసి, సిగ్గుపడి కూర్చుంది. ఓట్‌మార్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తలుపు దగ్గర మిలేనా, ఇంత చెప్పినా వినలేదే అన్నట్టు మొహం తిప్పేసుకుంది.

"తేడా లేకపోవడమేమిటి?" అంది డాక్టర్ మెర్టెన్స్ జాలిగా. "నేను చేతి నిపుణురాల్ని కాను. నాకే పగలూ రాత్రీ అంత తేడా కనిపించింది. ఇదిగో, వినండి." తన కాగితం విప్పి చదివింది. "ఎర్ర కారు. చురుకు, స్వచ్ఛత, రేపటి తరానిది. తెల్ల కారు. బద్ధకం, బరువు, ఒక యుగం ముగిసిందన్న విషాదం." ఇంకెన్ రాసింది రెండు పేజీలుంది. దాంట్లో తెల్ల కారు స్టీరింగు గురించి "ఇంగితం లేనిది" అన్న మాట మూడుచోట్ల పడింది. జనం తలలూపారు. ష్వెగ్లర్ తల దించుకున్నాడు.

అప్పుడు ఫ్రిక్ లేచాడు. "ముగ్గురి సంతకాలూ అయ్యాయా?"

"అయ్యాయి."

దగ్గరికొచ్చి ఒక్కో కాగితం ఎత్తి సంతకం చూశాడు, తేదీ చూశాడు. ష్వెగ్లర్ గీసిన మూడో గడిని చూసి నొచ్చుకున్నాడు. "అయితే ఇక నేను మాట్లాడొచ్చు. రెండూ ఆయిల్వే."

ఎవరికీ ఏమీ బోధపడలేదు. "ఏమన్నారు?" అంది డాక్టర్ మెర్టెన్స్.

"ఇంకెన్ గారి కారు పొద్దున ఆరున్నరకి లేవలేదండీ. రాత్రి దాని కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాము ఎక్కించమని పెట్టారట, తెర మీద 'దయచేసి వేచి ఉండండి' అని ఉంది. వేచి ఉన్నాను. ఏడయింది. తొమ్మిదింటికల్లా రెండు కార్లు నిలబెట్టాలని నాకు ఉత్తర్వు. అందుకని అమ్మకానికి సిద్ధంగా ఉన్నవాటిలోంచి ఒక వెండి రంగు కారు తెచ్చి ఎర్ర రిబ్బను కట్టాను. మన అమ్మకపు కార్లన్నీ ఆయిల్వే కదా."

"చెప్పొద్దూ మరి!" అని ఆవిడ కేకేసింది.

"నోటితో చెప్పకూడదని రాసిచ్చాను. మార్పేదైనా ఉంటే కాగితం మీద తెలియజేయాలని నియమం. ఏడూ పదికి నీలం కాగితం మీద రాసి మీ ట్రేలో పెట్టాను."

"ఆ ట్రే నేను శుక్రవారాలు చూస్తాను!"

"తెలుసండీ. రేపు శుక్రవారమే," అన్నాడు ఫ్రిక్ నెమ్మదిగా.

క్యాంటీన్ మొత్తం షెడ్డు మీద పడింది. సీళ్ళు తెంచి బానెట్లు లేపారు. ఎర్రదాంట్లో ఆయిల్ పంపు. తెల్లదాంట్లో ఆయిల్ పంపు. "నేను ఎర్రదాని కింద మాత్రమే చూశాను," అన్నాడు ఓట్‌మార్ గొణుగుతూ. "చుక్క తెల్లదాని కిందే ఉంది, నేనేం అబద్ధం చెప్పానా?" అంది మిలేనా. ఇద్దరూ నిజమే చెప్పారు. అదే ఆయన్ని చంపుకు తింది. ఇంకెన్ ఎర్ర కారు బానెట్‌లోకి చాలాసేపు చూసి, తన రెండు పేజీలూ వెనక్కిమ్మని ఎంతో వినయంగా అడిగింది. అప్పటికే డాక్టర్ మెర్టెన్స్ తన కాగితాన్ని మడతలు పెట్టి పెట్టి తపాలా బిళ్ళంత చేసింది. చేతి విభాగం కుర్రాళ్ళిద్దరూ ష్వెగ్లర్‌ని భుజాల మీదికి ఎత్తారు గానీ, ఆయన పొద్దున్నుంచి ఒక్క గుడ్డు మీద ఉన్నాడు, కళ్ళు తిరుగుతున్నాయని దింపించుకున్నాడు.

మూడింటికి ఇంకెన్ కారు నిద్ర లేచింది. చెవులకు మూతలు, రిబ్బన్లు ఏమీ లేకుండా ష్వెగ్లర్ దాన్ని ట్రాక్ మీదికి తీసుకెళ్ళాడు. మొదటి మలుపు కూడా పూర్తి కాకుండానే ఆపి, అద్దం దించాడు. ఇంకెన్ పుస్తకం, కలం పట్టుకుని పరిగెత్తింది.

"బాగా చేశావమ్మా, నిజంగా బాగా చేశావు," అన్నాడాయన. "రాసుకో. ఒకటి, నడిమధ్యలో మూగగా ఉంది. రెండు, బరువు ముందొస్తోంది, కబురు వెనక వస్తోంది..."

ఆ సాయంత్రానికి జాబితా నలభై ఒకటికి చేరింది. డాక్టర్ మెర్టెన్స్ ఓడిపోతే దాచుకునే మనిషి కాదు. మర్నాడే ఉత్తర్వు వేసింది. కంపెనీలో తేడా లేనప్పుడు లేదని చెప్పగలిగినవాడు ఒక్కడే కాబట్టి, ఇంకెన్ కారు ఎక్కి ఆయన మళ్ళీ "రెండూ ఒకటే" అనేదాకా ఆయిల్ స్టీరింగు ఆగదు, చేతి పరీక్షా విభాగం మూతపడదు. ఆ ఉత్తర్వు వచ్చి పదహారు నెలలైంది. జాబితాలో నలభై ఒకటీ సరిచేశారు, తర్వాత వచ్చిన ఇరవై ఆరూ సరిచేశారు, ఇంకెన్‌కి ఈలోగా పెద్ద పదవి కూడా వచ్చింది.

ష్వెగ్లర్ గారి పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళుంది. తేడా ఆయన చేతులకు ఇప్పటికీ స్పష్టంగానే తెలుస్తోంది.